సిరిమాను లేని విజయనగరం

సంపాదకుల వారికి నమస్కారం.

ఎవరైనా కాలంలో వెనక్కి వెళ్లి బొబ్బిలి యుద్ధాన్ని ఆపేస్తే విజయనగరంలో సిరిమాను పండుగ ఉండదు. కాలయాత్ర సీరియళ్ల మీద వచ్చే సమీక్షల్లో ఈ రకం లెక్క దాదాపు కనపడదు. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, హీరో ఎలా చేశాడు, మలుపు ముందే పసిగట్టామా లేదా అన్నదాంతో సరిపెడుతున్నారు. టీవీ కట్టేశాక, అన్నం కలుపుకుంటూ ఉండగా ఠక్కున తట్టి ముద్ద ఆపించే సంగతులు ఈ కథల్లో చాలా ఉన్నాయి. ఈ ఉత్తరం వాటి గురించే.

ముందు మన ఊరి లెక్క చూద్దాం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. ఆ రోజు సేనాని బుస్సీ నడిపిన ఫ్రెంచి సేన పక్కన ఉన్నవాడు విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు. మూడు రోజులు తిరక్కుండానే తాండ్ర పాపారాయుడు ఆయన్ని డేరాలోనే పొడిచి చంపాడు. అన్న పోయాడని విని ఆయన చెల్లెలు ప్రాణం విడిచిందనీ, ఆవిడే పైడితల్లి అమ్మవారయిందనీ మన జిల్లా నమ్మకం. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను అనే చింతమాను చివర పూజారి కూర్చుని కోట దాకా మూడుసార్లు వెళ్లిరావడం ఆ నమ్మకంలోంచి పుట్టిందే. కథ అక్కడితో ఆగలేదు. తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజు ఫ్రెంచివాళ్ల మీద కోపంతో ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ దళం ఫ్రెంచివాళ్లను ఓడించింది. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లడానికి బాట అక్కడ పడింది.

ఇప్పుడు సీరియల్ హీరో వెళ్లి ఆ యుద్ధం జరగకుండా చూశాడనుకోండి. కోటలో ఆ రోజు చనిపోయిన ఆడవాళ్లు, పిల్లలు బతుకుతారు. అది మంచి పనే, కాదనేవాళ్లు ఉండరు. కానీ ఆ రోజు నుంచి ఈ రోజుకి దాదాపు పది తరాలు. తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు అమ్మమ్మలు నలుగురు, వాళ్ల పైన ఎనిమిదిమంది, ఇలా లెక్క పెట్టుకుంటూ పోతే పదో మెట్టు మీద ఒక్కొక్కరికి 1,024 మంది పూర్వీకుల స్థానాలు వస్తాయి. ఆ జంటలన్నీ అదే రాత్రి, అదే గడియలో కలవాలి. కోట్ల వీర్యకణాల్లో అదే ఒక్కటి గెలవాలి. ఒకాయన సంత నుంచి అరగంట ఆలస్యంగా ఇంటికి వచ్చినా పుట్టే బిడ్డ వేరే బిడ్డ. యుద్ధం ఆగితే సైనికులు బతుకుతారు, పెళ్లిళ్లు మారతాయి, వలసలు మారతాయి. నేడు విజయనగరంలో, బొబ్బిలిలో, పార్వతీపురంలో తిరిగే మనుషుల్లో ఒక్కరూ పుట్టరు. వాళ్ల బదులు వేరేవాళ్లు ఉంటారు. హీరో తిరిగొచ్చేసరికి మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం ఉంటారు గాని, అతనికి తెలిసినవాడు ఒక్కడూ ఉండడు. సీరియల్ మాత్రం వాళ్ల అమ్మ ప్లేటులో ఇడ్లీలు పెట్టి పిలిచినట్టు చూపిస్తుంది.

ఈ లెక్కను ఎగ్గొట్టే కథల్లో బాగా పేరున్నది అమెరికా సీరియల్ ‘క్వాంటమ్ లీప్’. 1989 నుంచి 1993 దాకా ఐదు సీజన్లు నడిచింది. డాక్టర్ శామ్ బెకెట్ తన జీవితకాలం లోపల, అంటే 1953 తర్వాతి ఏదో ఒక రోజుకి దూకి, వేరొకరి స్థానంలో నిలబడి, జరిగిన పొరపాటు సరిదిద్దుతాడు. చూస్తున్నంతసేపూ మనసుకి హాయిగా ఉంటుంది. మరి ఆ ‘వేరొకరు’ ఆ రోజుల్లో ఎక్కడుంటారు? భవిష్యత్తులో ఒక వెయిటింగ్ రూమ్‌లో. వాళ్లను ఎవరూ అడగరు, వాళ్లకి ఏమీ సరిగా గుర్తుండదు. తిరిగొచ్చేసరికి ఉద్యోగం వదిలేసి ఉంటుంది, లేదా పెళ్లికి ఒప్పుకుని ఉంటుంది.

దీన్ని మన చోటికి తెచ్చుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. చీపురుపల్లి వైపు ఒక రైతు స్థానంలో అలా ఎవరో నాలుగు రోజులు ఉండి, అన్నదమ్ముల తగువు తీర్చి, రిజిస్ట్రారు ఆఫీసులో ఎకరం పంచి వేలిముద్ర వేశాడనుకోండి. ఆ వేలిముద్ర ఎవరిది? సీరియల్ సొంత నియమం ప్రకారమే అక్కడున్నది శామ్ శరీరం, కనిపించే రూపం మాత్రమే రెండోవాడిది. ఒక ఎపిసోడ్‌లో రెండు కాళ్లూ లేని మాజీ సైనికుడి స్థానంలోకి వెళ్లిన శామ్ లేచి నిలబడగలుగుతాడు, చూసేవాళ్లకు గాల్లో తేలినట్టు కనపడతాడు. అంటే దస్తావేజు మీద పడింది శామ్ వేలిముద్రే. నాలుగేళ్లకి ఆ భూమి మీద బ్యాంకు అప్పుకి వెళ్తే రైతు వేలిముద్ర కలవదు. తీరిన తగువు కోర్టుకెక్కుతుంది. ఎపిసోడ్ అయిపోయాక జరిగే నష్టం ఇది.

ఆఖరి ఎపిసోడ్ ఇంకా కలవరపెడుతుంది. శామ్ తన స్నేహితుడు ఆల్ మొదటి భార్య బెత్ దగ్గరికి వెళ్లి, నీ భర్త బతికే ఉన్నాడు, ఎదురుచూడు అని చెబుతాడు. ఆమె ఎదురుచూసిందని, వాళ్లకు నలుగురు కూతుళ్లని తెర మీద అక్షరాలు వస్తాయి. శామ్ ఇంటికి తిరిగి రాలేదని కూడా వస్తుంది. చూసినవాళ్లు శామ్ కోసం ఏడ్చారు. కానీ ఆల్‌కి అంతకుముందు ఐదు పెళ్లిళ్లు. బెత్ తర్వాతి నలుగురు భార్యలకు అతనితో గడిపిన ఏళ్లన్నీ మాయమయ్యాయి. మంచో చెడో, అది వాళ్ల బతుకు. వాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు.

లెక్కను నిజాయితీగా చివరిదాకా వేసిన సీరియల్ ఒకటుంది: జర్మనీ వాళ్ల ‘డార్క్’. 2017 నుంచి 2020 దాకా మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు. విండెన్ అనే ఊళ్లో కాలం 33 ఏళ్లకొకసారి తెరుచుకుంటుంది. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. 33 సౌర సంవత్సరాలకు దాదాపు 12,053 రోజులు, 34 చాంద్ర సంవత్సరాలకు దాదాపు 12,048. తేడా నాలుగైదు రోజులే. రంజాన్ నెల తిరిగి తిరిగి అదే ఋతువుకి రావడానికి 33 ఏళ్లు పట్టేది అందుకే.

‘డార్క్’ని కాగితం, పెన్సిలు లేకుండా చూడకూడదు. అడ్డంగా 1953, 1986, 2019 అని మూడు గీతలు గీయాలి. ప్రతి మనిషికి రెండు అంకెలు రాయాలి: ఊళ్లో తేదీ, అతని వయసు. తేదీ వెనక్కి వెళ్తుంది, వయసు ముందుకే పోతుంది. పదకొండేళ్ల మికెల్ 2019 నవంబరులో గుహలోకి వెళ్లి 1986 నవంబరులో తేలతాడు. అక్కడే పెరుగుతాడు, మైకేల్ అని పేరు మారుతుంది, పెళ్లవుతుంది, యోనాస్ పుడతాడు. 2019 జూన్ 21న ఉరి వేసుకుంటాడు. పదకొండుకి 32 ఏళ్ల ఏడు నెలలు కలపండి, అప్పటికి 43 దాటాయి. ఇప్పుడు గీతల మీద ఇంకోసారి వేలు పెట్టి చూడండి. చిన్న మికెల్ పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్లో ఒకే మనిషి రెండు ఇళ్లల్లో ఉన్నాడు. మైకేల్ తన తల్లిదండ్రులతో కలిసి పెరిగాడు, తనే మళ్లీ పుట్టి బడికెళ్లడం పదకొండేళ్లు చూశాడు. ‘ఆ రాత్రి పిల్లాడిని అడవి వైపు పంపకండి’ అని ఒక్క మాట చెబితే ఆగిపోయేది. చెబితే తన కొడుకు యోనాస్ ఉండడు. ఈ నోరు మెదపని పదకొండేళ్లను సీరియల్ పెద్దగా విడమరిచి చెప్పదు. కాగితం మీద వేసుకుంటే స్పష్టంగా కనపడుతుంది.

ఇక అదే సీరియల్‌లో షార్లెట్, ఎలిజబెత్ సంగతి. ఎలిజబెత్ తల్లి షార్లెట్, షార్లెట్ తల్లి ఎలిజబెత్. విచిత్రంగా ఉందని వదిలేయకుండా వాటాలు వేయండి. షార్లెట్‌లో సగం ఎలిజబెత్, సగం తండ్రి నోవా. ఎలిజబెత్‌లో సగం షార్లెట్, సగం తండ్రి పీటర్. ఒకదాన్ని రెండోదాంట్లో పెట్టి తీస్తే షార్లెట్‌లో మూడింట రెండు వంతులు నోవా, ఒక వంతు పీటర్. ఎలిజబెత్‌లో అది తిరగబడుతుంది. వాటాల వరకు లెక్క కుదురుతుంది. కుదరనిది కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా. అది తల్లి నుంచే వస్తుంది, ఇక్కడ ఇద్దరు తల్లులూ ఒకరికొకరు. ఆ మొదటి తల్లి ఎవరు? లేదు. పైగా ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని చిన్న మార్పులు కొన్ని పడతాయి. ఈ వలయంలో చుట్టు తిరిగేసరికి డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు, వస్తే ఆమె వేరే షార్లెట్.

వస్తువులకైతే ఈ చిక్కు ఇంకా మొండిది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి చెంబు ఒకటి తీసుకుందాం, అర కిలో బరువు. ఒక ముసలావిడ 2019 నుంచి 1986కి వెళ్లి, పడుచుతనంలో ఉన్న తన చేతికే ఆ చెంబు ఇచ్చింది. ఆ పడుచు దాన్ని వారానికోసారి చింతపండు పెట్టి తోమింది. 33 ఏళ్లకి 1,716 తోముళ్లు. తోముడుకి పది మిల్లీగ్రాములు అరిగిందనుకున్నా 17 గ్రాములు పోయాయి. ముప్పయ్యో చుట్టుకి చెంబు ఉండదు అనిపిస్తుంది కదా? అంతదాకా వెళ్లనక్కర్లేదు. 1986లో ఆవిడ అందుకున్నదీ, 2019లో పట్టుకెళ్లినదీ ఒకటే చెంబు. ఒకటే అయితే బరువు ఒకటే ఉండాలి. 17 గ్రాములు తక్కువ ఉంది. మొదటి చుట్టులోనే కథ తెగింది. అన్నిటికంటే నన్ను తొలిచేది ఇంకొకటి: ఆ చెంబుని పోతపోసిన కొలిమి లేదు. బుడితిలో ఎవరి చేతులూ దాన్ని చెక్కలేదు, ఎవరికీ కూలి ముట్టలేదు.

‘డార్క్’ రచయితలకు ఇది తెలుసు. గడియారాల టన్‌హౌస్ కాలయంత్రాన్ని చేసేది ముందే తయారైన యంత్రాన్ని పక్కన పెట్టుకుని చూస్తూ. అంటే దాన్ని కనిపెట్టినవాడు ఎవడూ లేడు. ఆ వెలితిని దాచకుండా కథకి వెన్నెముకగా వాడుకున్నారు.

మన దగ్గర కాలయాత్ర కథ రాసేవాళ్లకి కొన్ని ఊరి చిక్కులు కూడా ఉన్నాయి. 1757 జనవరి బొబ్బిలిలో దిగిన హీరో ‘ఇది ఏ సంవత్సరం’ అని అడిగితే 1757 అని ఎవరూ చెప్పరు. ‘ధాత’ అంటారు. ధాత అరవై ఏళ్లకొకసారి వస్తుంది. 1696, 1756, 1816 ఉగాదులతో మొదలైనవన్నీ ధాతలే. శాలివాహన శకం 1678 అని తెలిసిన పంతులు దొరికితేనే అతనికి తాను ఎక్కడున్నాడో తెలుస్తుంది. 1752 సెప్టెంబరుకి ముందు, ఇంకా పాత క్యాలెండరే వాడుతున్న విశాఖలోని ఇంగ్లీషు వర్తకుల దగ్గర తేదీ అడిగితే ఫ్రెంచివాళ్ల తేదీకి పదకొండు రోజులు వెనక ఉంటుంది. ఏ యుద్ధమో ఆపడానికి వెళ్లినవాడు ఆ పదకొండు రోజుల తేడాతో అంతా అయిపోయాక దిగుతాడు.

రోగాల సంగతి మరీ ముఖ్యం. మశూచి నిర్మూలన అయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980 మేలో ప్రకటించింది. ఆ తర్వాత పుట్టినవాళ్లకి జబ్బ మీద ఆ టీకా మచ్చ ఉండదు. పాతికేళ్ల హీరో 1757కి వెళ్తే అమ్మవారు పోసిన ఊళ్లో అడుగు పెట్టినట్టే, రక్షణ ఏమీ లేదు. ఇటు నుంచి అతను మోసుకెళ్లే ఫ్లూ రకాలకు అక్కడివాళ్లకీ రక్షణ లేదు. కోటని కాపాడడానికి వెళ్లి కోటంతా దగ్గు అంటించి వస్తాడు. భూమి సెకనుకి దాదాపు 30 కిలోమీటర్లు పరుగెత్తుతోంది కాబట్టి, నిమిషం వెనక్కి వెళ్లినా 1,800 కిలోమీటర్ల అవతల తేలాలన్నది పాత అభ్యంతరమే. దాన్ని యంత్రం సర్దుకుంటుందని ఒక్క మాట అనేస్తే నేను ఒప్పుకుంటాను. మనుషుల లెక్కను మాత్రం అలా ఒక్క మాటతో దాటెయ్యడానికి ఒప్పుకోను.

‘డార్క్’ ముగింపులో యోనాస్, అతను ప్రేమించిన మార్తా కలిసి, ఈ వలయానికి బయట ఉన్న అసలు లోకంలో 1971కి వెళ్లి, టన్‌హౌస్ కొడుకు, కోడలు, పసిబిడ్డ కారు ప్రమాదంలో పోకుండా ఆపుతారు. ఆ ముగ్గురూ బతికితే, వాళ్ల కోసం అక్కడి టన్‌హౌస్ చేసే మొదటి యంత్రం పుట్టదు, యంత్రం లేకపోతే తామిద్దరూ పుట్టరు. అది తెలిసే చేస్తారు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని రవ్వలు రవ్వలుగా కరిగిపోతారు. తర్వాత ఒక భోజనాల బల్ల. దాని చుట్టూ ఆరుగురు. మూడు సీజన్లుగా మనకి అలవాటైన ఉల్రిచ్, షార్లెట్, ఎలిజబెత్, మికెల్, నోవా ఎవరూ లేరు. కరెంటు పోయి వస్తుంది. గర్భవతి అయిన హన్నా పసుపు రెయిన్‌కోటు వైపు చూసి ఎక్కడో చూసినట్టుందంటుంది. బిడ్డకి ఏం పేరు పెడతావంటే యోనాస్ అంటుంది. తండ్రి వేరు, బిడ్డ వేరు.

మీ టీవీ, ఓటీటీ పేజీకి నాదొక విన్నపం. కాలయాత్ర సీరియల్ మీద సమీక్ష వేసినప్పుడు నక్షత్రాల పక్కన రెండు వరుసలు కేటాయించండి. కథ మొదట్లో ఉండి, హీరో దిద్దుబాటు తర్వాత పుట్టకుండా పోయినవాళ్లు ఎవరెవరు అని పేర్లు రాయండి. అడగకుండా ఎవరి రోజులు వాడుకున్నారో రాయండి. 1991లో ‘ఆదిత్య 369’ నాటి నుంచి కాలయంత్రం మనకి కొత్త కాదు. ఇక మీదట తెలుగు ఛానెళ్లు ఇలాంటి సీరియల్ తీస్తే, రచయితల బల్ల మీద స్క్రిప్టు పక్కన ఆ పేర్ల కాగితం కూడా ఉండేలా మీ పేజీ అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం