పంచాయతీ బ్యాలెట్‌కు ఒక అట్ట చట్రం కావాలి

సంపాదకులకు నమస్కారం.

శాసనసభకో లోక్‌సభకో ఓటు వేయడానికి వెళితే చూపు లేని నాలాంటివాడు ఎవరి సాయమూ లేకుండా మీట నొక్కి రాగలడు. ఈవీఎం మీద ప్రతి మీట పక్కనా బ్రెయిలీలో అంకె ఉంటుంది. అదే మా ఊరి సర్పంచిని ఎన్నుకోవాలంటే నా ఓటు తీసుకెళ్లి ఇంకొకరి చేతిలో పెట్టాలి. పంచాయతీ ఎన్నిక కాగితం బ్యాలెట్ మీద జరుగుతుంది. ఆ కాగితం మీద వేలికి తగిలేది ఏదీ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పంచాయతీలు, మున్సిపాలిటీలు, పరిషత్తులు అన్నిటికీ ఈ కాగితమే వాడారు. రాబోయే స్థానిక ఎన్నికలకైనా ఈ లోటు తీర్చమని రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని మీ పత్రిక ద్వారా అడుగుదామని, ఫోనుకు చెప్పి ఈ ఉత్తరం రాయిస్తున్నాను.

నేను రిటైరైన హైస్కూలు ఉపాధ్యాయుణ్ణి. సర్వీసులో ఉండగా ప్రిసైడింగ్ అధికారిగా ఎన్నికల డ్యూటీలు చేశాను. ఆ తర్వాత నీటికాసుల జబ్బు రెండు కళ్ల చూపూ తీసేసింది. పోలింగ్ బూత్‌లో బల్లకు అటువైపూ ఇటువైపూ ఏం జరుగుతుందో తెలిసినవాణ్ణి కాబట్టే ఇది రాస్తున్నాను.

ఓటింగ్ యంత్రం మీద బ్రెయిలీని ఎన్నికల కమిషన్ ప్రయత్నించి చూసింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులోనే. 2004లో ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉప ఎన్నికలో పెట్టి చూశారు. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాల్లో వాడి, 2009 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటికీ తెచ్చారు. అంత ముందుచూపు చూపిన నేల మీద, ఇన్నేళ్ల తర్వాత కూడా, ఊరి ఎన్నికలో అంధుడు రహస్యంగా ఓటు వేయలేకపోవడం నాకు బాధ కలిగిస్తోంది. ఇది దయ చూపమని అడిగే విషయం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్‌లో కేంద్ర ఎన్నికల కమిషన్‌తో పాటు రాష్ట్ర ఎన్నికల సంఘాలను కూడా పేరు పెట్టి చెప్పారు. పోలింగ్ కేంద్రాలే కాదు, ఎన్నికకు సంబంధించిన సామగ్రి అంతా దివ్యాంగులకు అందుబాటులో, అర్థమయ్యేలా ఉండాలని అందులో ఉంది. బ్యాలెట్ కాగితాన్ని మించిన ఎన్నికల సామగ్రి ఏముంటుంది?

తోడు తెచ్చుకోవచ్చు కదా అని అధికారులు అంటారు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు 49ఎన్ నిబంధన ఉంది. పద్దెనిమిదేళ్లు నిండినవారిని తోడుగా తీసుకెళ్లవచ్చు. ఒకరు ఆ రోజు ఒక్క ఓటరుకే తోడు రావాలి, వేసిన ఓటు ఎవరికీ చెప్పనని రాసి ఇవ్వాలి. ఆ వివరాలు ప్రిసైడింగ్ అధికారి 14ఎ ఫారంలో ఎక్కిస్తాడు. నిబంధన మంచిదే. నడవలేనివారికి, చేతులు వణికేవారికి అది ఉండి తీరాలి. పంచాయతీలోనూ ఈ తోడు పద్ధతే నడుస్తుంది. కానీ శాసనసభ ఎన్నికలో ఒంటరిగా వేయాలా, తోడుతో వేయాలా అన్నది ఓటరు ఇష్టం. పంచాయతీలో ఇంకో దారే లేదు.

పైగా పంచాయతీ అంటే ఏమిటో పల్లెలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. వార్డులో మూడు నాలుగు వందల ఓట్లుంటే గెలుపోటములు పదీ ఇరవై ఓట్ల మీద తేలిపోతాయి. బూత్‌లో కూర్చునే ఏజెంట్లు ఎవరో కాదు, అభ్యర్థుల బావమరుదులు, తమ్ముళ్లు. చూపు లేని మనిషి ఎవరి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చాడో చూస్తే చాలు, ఆ ఓటు ఎటు పడిందో వాళ్లు లెక్క వేసేసుకుంటారు. ఇంట్లో ఇద్దరు కొడుకులు రెండు వర్గాల్లో ఉంటే ఆ తల్లి ఏ కొడుకును వెంట తీసుకెళ్లాలి? ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక అసలు ఓటుకే పోకుండా ఇంట్లో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. ఎవరూ లేని ముసలమ్మ సంగతి ఇంకా అన్యాయం. "నువ్వు రా పెద్దమ్మా, నేను వేయిస్తా" అంటూ ముందుగా వచ్చినవాడే ఆమెకు తోడు. లోపల అతను ఏ గుర్తు మీద ముద్ర వేశాడో ఆమెకు తెలిసే మార్గం లేదు. రేపు ఇంటి స్థలం కోసమో కుళాయి కోసమో ఆ సర్పంచి గడపే ఎక్కాల్సిన మనిషి ఆమె. రహస్య ఓటు ఎవరికైనా అవసరమే. ఆమెకు ఇంకా ఎక్కువ అవసరం.

మరి తోడు లేకుండా కాగితం మీద వేయడం కుదరదా అంటే, ఒక చిన్న అట్ట ఉంటే కుదురుతుంది. బ్యాలెట్ కాగితం సరిగ్గా ఇమిడేలా మడత పెట్టిన అట్ట చట్రం. ప్రతి అభ్యర్థి గడికి ఎదురుగా ఒక కిటికీ కోసి ఉంటుంది. పక్కన ఒకటో కిటికీకి ఒక గాటు, రెండో దానికి రెండు గాట్లు. పై మూల ఒకటి కత్తిరించి ఉంటే కాగితం తలకిందులు కాలేదని చేతికి తెలుస్తుంది. ముద్ర రెండు గడుల మధ్య గీత మీద పడితే, కాగితం వెనక వేస్తే ఓటు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంటుంది. ఓట్ల లెక్కింపు చూసినవారికి ఇది తెలిసిందే. కిటికీ అంచులు ముద్రను దారి తప్పనివ్వవు కాబట్టి ఆ భయం కూడా తగ్గుతుంది. ఘానా, సియెర్రా లియోన్ లాంటి దేశాలు ఇలాంటి అట్టలతో ఓటు వేయించి చూశాయి. సర్పంచికి ఒకటి, వార్డు సభ్యుడికి ఒకటి, బూత్‌కు రెండు చట్రాలు చాలు. అచ్చు యంత్రం ఉన్న ఏ ప్రెస్సులోనైనా కోసి ఇస్తారు.

గాట్లే ఎందుకు, బ్రెయిలీ పెట్టవచ్చు కదా అని కొందరికి అనిపించవచ్చు. బ్రెయిలీ తప్పకుండా పెట్టాలి. చిన్నప్పటి నుంచీ అంధుల పాఠశాలలో చదివినవారు వేగంగా చదువుకుంటారు. కానీ నాలాగా నడివయసు దాటాక, షుగరు వల్లనో నీటికాసుల వల్లనో చూపు పోగొట్టుకున్నవారిలో చాలామందికి బ్రెయిలీ రాదు. చేతివేళ్ల తిమ్మిరి ఉన్న షుగరు రోగికి ఆ చుక్కలు అసలు తెలియవు. గాటు అందరికీ తెలుస్తుంది.

అట్ట ఇచ్చేసి చేతులు దులుపుకుంటే మాత్రం పని జరగదు. బ్రిటన్‌లో ఇదే జరిగింది. అక్కడ అంధులకు బ్యాలెట్ మీద అంటించే పరికరం ఇచ్చారు. గడి ఎక్కడుందో దానితో తెలుస్తుంది కానీ ఆ గడి ఎవరిదో తెలియదు. అది చాలదని 2019లో హైకోర్టు తీర్పు చెప్పింది. మన పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లు కూడా ఉండవు, గుర్తులే ఉంటాయి. ఊళ్లో ప్రచారమంతా గుర్తు పేరు మీదే సాగుతుంది. చూపు లేనివాడికి కావలసింది గుర్తు కాదు, వరస సంఖ్య. అందుకే పోటీలో ఉన్నవారి తుది జాబితా ఖరారైన వెంటనే ఒకటో గడిలో ఎవరు, రెండో గడిలో ఎవరు అన్నది గుర్తుతో సహా వరసగా చదివి వినిపించాలి. పోలింగ్ రోజున అడిగిన ఓటరుకు ప్రిసైడింగ్ అధికారి మరోసారి చదవాలి.

ఇంటింటికీ తిరిగి వినిపించడం అయ్యే పనేనా? అవుతుంది. ఏ ఊళ్లో ఎంతమంది అంధులున్నారో ప్రభుత్వం దగ్గర పేర్లతో సహా ఉంది. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం ధ్రువపత్రం ఇచ్చింది ప్రభుత్వమే. నెల మొదట్లో పింఛను పట్టుకుని గ్రామ సచివాలయ సిబ్బంది మా ఇళ్లకే వస్తారు. పింఛను ఇవ్వడానికి దొరికిన గడప, అభ్యర్థుల వరస చెప్పడానికి దొరకదా? 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దాదాపు 4 లక్షల మందికి చూపు లోపం ఉన్నట్టు తేలింది. ఇది పట్టించుకోనక్కర్లేనంత చిన్న సంఖ్య కాదు.

యంత్రం విషయంలోనూ అంతా సవ్యంగా ఉందని చెప్పను. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది, మాకు కనిపించదు. బీప్ వినిపిస్తే ఓటు పడిందని తెలుస్తుంది, ఎవరికి పడిందో తెలియదు. 40 శాతం వైకల్యం ఉన్నవారికి 2024లో ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఇచ్చారు. సంతోషమే, కానీ అక్కడా చేతికి ఇచ్చేది కాగితం బ్యాలెట్టే, కాబట్టి నేను అడుగుతున్న అట్ట అక్కడా పనికొస్తుంది. ఓటర్ల జాబితాలు బొమ్మల పీడీఎఫ్‌లుగా పెడుతున్నారు, మా ఫోన్లు వాటిని చదవలేవు. ఇవి కేంద్ర కమిషన్ చూడాల్సినవి.

ఎన్నిక అయ్యాక కూడా మా పాలు మాకు దక్కడం లేదు. ఒకప్పుడు గ్రామసభ అంటే దండోరా వేసేవారు. చూపు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకేసారి తెలిసేది. ఇప్పుడు నోటీసు గోడకు అంటించి, దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు. ఆ ఫొటో కింద సభ ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ విషయం మీద అన్నది రెండు ముక్కలు టైపు చేస్తే మా ఫోను చదివి వినిపిస్తుంది. దీనికి ఉత్తర్వులు కూడా అక్కర్లేదు, పంచాయతీ కార్యదర్శి తలచుకుంటే చాలు.

రాష్ట్ర ఎన్నికల సంఘానికి నా విన్నపం ఒక్కటే. స్థానిక ఎన్నికల నోటిఫికేషన్ ఇచ్చే ముందే ఈ చట్రం నమూనా తయారు చేయించండి. బ్రెయిలీ వచ్చినవారిని, రానివారిని, సగం చూపు ఉన్నవారిని ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రానికి పిలిచి, ఉత్తుత్తి బ్యాలెట్ మీద వేయించి చూడండి. ఎక్కడ తడబడుతున్నారో వారినే అడిగి సరిచేయండి. ప్రిసైడింగ్ అధికారుల శిక్షణలో దీనికి పావుగంట కేటాయించండి. మా డివిజన్‌లో పెడితే నేను వస్తాను, పాత డ్యూటీ అనుభవంతో నాకు తోచింది చెబుతాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా