వత్తు తెగితే అప్పన్న ‘అపన’ అవుతాడు

సంపాదకులు గారికి నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సిస్టంలలో చాలావాటికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోవడం వల్లో, ప్రాసెసర్ పాతదవడం వల్లో విండోస్ 11 ఎక్కదు. మన విశాఖలో డాబాగార్డెన్స్ డీటీపీ షాపు అయినా, గాజువాకలో ఆడిటరు ఆఫీసు అయినా ఎప్పుడో ఒకప్పుడు కొత్త సిస్టం కొనక తప్పదు. షోరూంలో కుర్రాళ్లు గుండ్రటి అంచులు, అద్దంలాంటి మెనూలు చూపించి కొత్తది బాగుందంటారు. స్క్రీన్ డిజైన్ పనిలో ఉన్నవాళ్లం వేరే సంగతులు చూస్తాం. తెలుగు పేరు తెగకుండా కనబడుతోందా? వెతికితే దొరుకుతోందా? చెయ్యి అలవాటుగా వెళ్లిన చోటే బటన్ ఉందా?

ముందు అక్షరం ఎత్తు సంగతి. ఇంగ్లీషు అక్షరాలు ఒకే గీత మీద కూర్చుంటాయి, కొన్నిటికి మాత్రం తోక కిందికి దిగుతుంది. తెలుగుది మూడంతస్తుల మేడ: పైన తలకట్టు, గుడి, నడుమ అక్షరం, అడుగున వత్తు. విండోస్ మెనూల్లో అక్షరం కొలత 9 పాయింట్లు. తెర మీద అన్నిటినీ ఎంత పెంచి చూపాలో చెప్పే స్కేల్ 100 శాతం ఉంటే అది 12 పిక్సెళ్లు, అంటే తెర మీది 12 చుక్కలు. 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద ఆ 12 పిక్సెళ్లు సుమారు 3 మిల్లీమీటర్లు, 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ మీద 2 మిల్లీమీటర్ల పైచిలుకు. మూడంతస్తులూ అందులోనే ఇమడాలి. పైగా బిల్లింగ్ ప్రోగ్రాములు రాసేవాళ్లు జాబితాలో వరుస ఎత్తును ఇంగ్లీషుకి కొలిచి బిగించేస్తారు. అక్కడ తెలుగు పేరు పడితే వత్తు అడుగున కోసుకుపోతుంది. అప్పన్న ‘అపన’ అవుతాడు, అప్పలరాజు ‘అపలరాజు’ అవుతాడు. సింహాచలం స్వామి పేరు ఇంటికొకరికి ఉన్న ఊళ్లో ఇది చిన్న తప్పు కాదు.

దీనికి చాలామంది సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉన్న టెక్స్ట్ సైజ్‌ను పెంచేస్తారు. అది పెంచేది అక్షరాన్ని మాత్రమే. పాత ప్రోగ్రాముల్లో చుట్టూ ఉన్న పెట్టె పెరగక, వత్తు ఇంకాస్త తెగుతుంది. కాబట్టి ముందు సెట్టింగ్స్, సిస్టం, డిస్‌ప్లే తెరిచి స్కేల్‌ను 125కి మార్చాలి, ల్యాప్‌టాప్ అయితే 150 కూడా చూడొచ్చు. అక్షరం, పెట్టె, ఐకాన్ కలిసి పెరుగుతాయి. ఇంకా చాలదనిపిస్తేనే టెక్స్ట్ సైజ్‌ను 110 దాకా జరపాలి. కస్టం స్కేలింగ్‌లో 117, 133 లాంటి అంకెలు పెట్టకపోవడం మంచిది, పాత ప్రోగ్రాములు అలికేసినట్టు కనబడతాయి. 125 దగ్గర కూడా ఒక ప్రోగ్రాము మసకగా ఉంటే దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘సిస్టం (ఎన్‌హాన్స్‌డ్)’ పెట్టి చూడాలి. అన్నిటికన్నా చెడ్డ చిట్కా రిజల్యూషన్ తగ్గించడం. 1920×1080 తెరను 1366×768కి దించితే ఒక పిక్సెల్ బొమ్మ పక్క పిక్సెల్ మీదికి పాకుతుంది, ఉన్న వత్తులు కూడా ముద్దయిపోతాయి.

టైపింగ్‌కి వద్దాం. తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు 1991 నాటి భారతీయ ప్రమాణంలోనే ఉంది. అందులో ‘స్త్రీ’ రాయడానికి ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ అని ఆరు మీటలు కొట్టాలి, డి మీటే పొల్లు. కంప్యూటర్ లోపల కూడా అవి ఆరు సంకేతాలే. బ్యాక్‌స్పేస్ కొడుతూ పోతే ‘స్త్ర’, ‘స్త్’, ‘స్త’, ‘స్’, ‘స’ అని ఒక్కో మెట్టే దిగుతుంది. గుడి తప్పు పడితే గుడినే దిద్దుకోవచ్చు కాబట్టి ఇది మంచి పద్ధతి. డిలీట్ మీట అలా కాదు, విండోస్ ప్రోగ్రాముల్లో సాధారణంగా అక్షరం మొత్తాన్ని ఒక్క దెబ్బకి మింగేస్తుంది. బాణం మీట సంగతి మరీ చిత్రం. అన్ని భాషల అక్షరాలకీ సంకేతాలు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. దాని పాత నియమం ప్రకారం ‘స్త్రీ’ అంటే స్, త్, రీ అని మూడు ముక్కలు. ఆ లెక్కన నడిచే ప్రోగ్రాములో ఒక్క అక్షరం దాటడానికి బాణం మూడుసార్లు కొట్టాలి, ఆ మధ్యలో కర్సర్ ఎక్కడుందో కంటికి తెలియదు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా ఆరు భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కపెట్టమంది. దీన్ని పాటించే ప్రోగ్రాములూ ఉన్నాయి, పాటించనివీ ఉన్నాయి. ఒకే తెర మీద రెండు కిటికీల్లో బాణం రెండు రకాలుగా నడిస్తే టైపిస్టు తన వేళ్లనే అనుమానిస్తాడు. ఇలాంటిది సరిచేస్తే ప్రకటనలో చూపించడానికేమీ ఉండదు, అందుకే వెనకపడుతుందని నా అనుమానం.

వెతుకులాటలో ఇంకో చిక్కు. ‘రాజ్‌కుమార్’ అని విడివిడిగా కనబడాలంటే పొల్లుకీ ‘కు’కీ మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం ఉండాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే ‘రాజ్కుమార్’ అని కకారం జకారం కిందికి వత్తుగా దిగిపోతుంది. ఫోన్‌లో కొట్టిన పేరులో ఆ సంకేతం ఉండి, ఆఫీసు సిస్టంలో కొట్టిన పేరులో లేకపోతే, సంకేతానికి సంకేతం సరిపోల్చే ప్రోగ్రాముకి ఇద్దరూ వేర్వేరు మనుషులు. ఒకరిని వెతికితే రెండోవారు రారు. దీన్ని వాడేవాళ్లు దిద్దుకోలేరు, కనబడని దాన్ని ఎవరు దిద్దుతారు? వెతికేటప్పుడు ఆ సంకేతాన్ని లెక్కలోంచి తీసేసి పోల్చే పని ప్రోగ్రాము రాసేవాళ్లదే.

డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టిన ఫైళ్లయితే ఈ మాత్రం కూడా దొరకవు. అక్కడ లోపల ఉన్నవి తెలుగు సంకేతాలు కావు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు సంకేతాలు. ఫాంట్ మారిస్తే వేషం ఊడిపోతుంది. పెళ్లి కార్డుకి పరవాలేదు గానీ, రేపు వెతుక్కోవాల్సిన ఏ కాగితమైనా యూనికోడ్‌లోనే ఉండాలి. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు పడే ఫొనెటిక్ కీబోర్డు కూడా సిస్టంతోనే వస్తోంది, వేరే ప్రోగ్రాము కొనక్కర్లేదు. సెట్టింగ్స్, టైం అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్ తెరిచి తెలుగు చేర్చి, దాని ఎదురుగా ఉన్న మూడు చుక్కల్లో లాంగ్వేజ్ ఆప్షన్స్ నొక్కితే కీబోర్డు ఎంచుకోవచ్చు. తెలుగుకీ ఇంగ్లీషుకీ మధ్య మారడానికి విండోస్ మీట, స్పేస్ కలిపి కొట్టాలి.

మారాక ఏ భాషలో ఉన్నామన్నది మాత్రం తెర కింద కుడి మూలన ఉన్న చిన్న గుర్తులోనే తెలుస్తుంది. కొట్టేవాళ్ల కళ్లేమో కర్సర్ దగ్గర ఉంటాయి. సగం వాక్యం తప్పు భాషలో పడ్డాక గానీ చూసుకోరు. ఆపిల్ ఈ విషయంలో మంచి పని చేసింది: 2023 నాటి మ్యాక్ ఓఎస్ సొనోమాలో భాష మార్చగానే కర్సర్ పక్కనే చిన్న గుర్తు కనిపిస్తుంది. రెండు భాషల్లో పని చేసేవాళ్లకి ఇలాంటి ఒక్క గుర్తు వంద యానిమేషన్ల పెట్టు. విండోస్‌లో అది వచ్చేదాకా అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఒక్కో కిటికీకి ఒక్కో భాష గుర్తుంచుకునే ఆప్షన్‌కి టిక్ పెడితే కొంత నయం. వర్డ్ తెలుగులో, బ్రౌజర్ ఇంగ్లీషులో ఉండిపోతాయి.

ఇక చేతి అలవాటు. స్టార్ట్ బటన్ ఎడమ మూలన ఉన్నన్నాళ్లూ దాన్ని చూడకుండా కొట్టేవాళ్లం. మౌస్‌ని మూలకి విసిరితే చాలు, అంచు దానంతటదే ఆపుతుంది. గురి పెద్దదైనా, దగ్గరగా ఉన్నా చెయ్యి త్వరగా చేరుతుందని అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ 1954లో లెక్క కట్టి చెప్పాడు. తెర మూలకి అటు పక్కా, కింది పక్కా హద్దే లేదు కాబట్టి అంతకన్నా పెద్ద గురి ఉండదు. 2021లో విండోస్ 11 ఆ బటన్‌ని నడిమికి తెచ్చింది. నడుమ ఉండటంతో పోలేదు, కొత్త ప్రోగ్రాము తెరిచినప్పుడల్లా ఐకాన్ వెడల్పులో సగం చొప్పున ఎడమకి జరుగుతుంది. పొద్దున ఉన్న చోట మధ్యాహ్నం ఉండదు. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్‌ని ‘లెఫ్ట్’ చేస్తే మళ్లీ మూలకి వస్తుంది. కొత్త సిస్టం పెట్టగానే నేనైతే ముందు చేయించేది ఇదే.

మైక్రోసాఫ్ట్‌కి ఈ పాఠం కొత్తదేం కాదు. 2012లో విండోస్ 8 నుంచి స్టార్ట్ బటన్ తీసేసి, మరుసటేడు 8.1లో తిరిగి పెట్టారు. విండోస్ 11 టాస్క్‌బార్‌లో ప్రతి కిటికీకీ పేరుతో వేరే గడి చూపించే సదుపాయం తీసేసి, 2023లో మళ్లీ ఇచ్చారు. రైట్ క్లిక్ మెనూలో కట్, కాపీ, రీనేమ్, డిలీట్‌లను మాటల్లేని బొమ్మలు చేసి, 2024 నాటి 24హెచ్2 అప్‌డేట్‌లో బొమ్మల కింద మాటలు చేర్చారు. పాత పూర్తి మెనూ కావాలంటే షిఫ్ట్, ఎఫ్10 కలిపి కొట్టండి.

నిజంగా మెచ్చుకోవాల్సిన మార్పు ఒకటి చడీచప్పుడు లేకుండా వచ్చింది. విండోస్ 11 నోట్‌ప్యాడ్‌లో 2023 నుంచి, సేవ్ చెయ్యకుండా మూసేసినా రాసింది పోదు. మళ్లీ తెరిస్తే అక్కడే ఉంటుంది. మ్యాక్‌లో ఈ పద్ధతి 2011 నుంచీ ఉంది. హుద్‌హుద్ చూసిన ఊరికి, గాలి గట్టిగా వీస్తే కరెంటు తీసేస్తారని తెలిసిన ఊరికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే హఠాత్తుగా కరెంటు పోతే చివరి కొన్ని మాటలు దక్కకపోవచ్చు, యూపీఎస్ అవసరం తీరిపోలేదు.

మార్చని పాత తప్పు కూడా ఒకటి ఉంది. ఫైలు పేరు చివరి తోకను విండోస్ ఇప్పటికీ మామూలుగా దాచేస్తుంది. ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’ అనే ప్రోగ్రాము ‘బిల్లు.పీడీఎఫ్’ అని కనిపిస్తుంది. నాలుగు చోట్ల తిరిగిన పెన్‌డ్రైవ్‌లు పెట్టే జిరాక్స్ షాపుల వాళ్లు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో నొక్కి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’కి టిక్ పెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌కి రాదన్నది కూడా గుర్తుండాలి.

సిస్టంలు టోకున కొనే ఆఫీసులకి ఒక్క మనవి. కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు, మీరు రోజూ వాడే ప్రోగ్రాముని ఆ సిస్టంలో పెట్టించి ‘అప్పలస్వామి’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘రాజ్‌కుమార్’ అని నాలుగు పేర్లు కొట్టించండి. జాబితాలో వత్తులన్నీ కనబడుతున్నాయా చూడండి. ‘రాజ్‌కుమార్’ని ఒకసారి ఫోన్‌లోంచి పంపించి, ఒకసారి అక్కడే కొట్టి, రెండూ ఒకే వెతుకులాటలో వస్తున్నాయా చూడండి. చివరగా ఒక కాగితం ప్రింటు తీసి, తెర మీద ఉన్నదీ కాగితం మీద పడ్డదీ పక్కపక్కన పెట్టుకోండి. పావుగంట పని.

ఇట్లు,
ఒక ఇంటర్‌ఫేస్ డిజైనర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం