అర్ధరాత్రి మెలకువ పోవాలంటే ముందు మంచం వేళలు మార్చాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పత్రికల ఆరోగ్యం పేజీల్లో నిద్ర గురించి వచ్చే చిట్కాలు చాలావరకు పడుకునే ముందు ఏం తాగాలన్న దగ్గరే ఆగిపోతున్నాయి. గసగసాల పాలు, జాజికాయ పొడి, అశ్వగంధ. ఒడిశాలో మా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మందుల షాపుకొచ్చి నిద్ర సంగతి అడిగే పెద్దవాళ్లలో చాలామందికి పడుకోగానే నిద్ర పడుతుంది. రెండింటికో రెండున్నరకో మెలకువ వచ్చేస్తుంది, ఇక కోడి కూసేదాకా పొర్లడమే. దీనికి పాలు పనిచెయ్యవు. పడుకునే ముందు తాగిన గ్లాసుడు పాలు రెండింటికి మూత్రానికి లేపుతాయి కూడా. జాజికాయ చిటికెడైతే పరవాలేదు గానీ, బాగా పనిచేస్తుందని కాయ మొత్తం అరగదీసి తాగితే గుండెదడ, నోరు ఎండిపోవడం, మతి తప్పడం దాకా పోతుంది.

రాత్రి మెలకువ రావడమే జబ్బు కాదు. నిద్ర సుమారు గంటన్నరకొక చుట్టుగా సాగుతుంది, ఒక్కో చుట్టు చివర పలచబడుతుంది. ఆ వేళ అందరూ కాస్త కదులుతారు, మళ్లీ నిద్రలోకి జారిపోతారు, తెల్లారాక గుర్తుండదు. వయసు పెరిగితే నిద్ర ఇంకా పలచనవుతుంది. బాధ మొదలయ్యేది తర్వాత చేసే పనితోనే. రాత్రి నిద్ర చాల్లేదని మర్నాడు ఎనిమిదిన్నరకే మంచం ఎక్కుతారు, మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటారు. ఆరు గంటల నిద్రను తొమ్మిది గంటల మంచం మీద పరిస్తే మధ్యలో చిరుగులు పడక తప్పదు.

వారానికి మూడు రాత్రులైనా ఇలా జరుగుతూ మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దీనికి మాత్రల కంటే ముందు చెయ్యాల్సింది అలవాట్లు సరిదిద్దే చికిత్సేనని అమెరికాలోని డాక్టర్ల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. ఆ చికిత్సలో ముఖ్యమైన భాగాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ముందు రెండు వారాలు లెక్క రాయాలి. రాత్రి గడియారం చూసి కాదు, పొద్దున లేచాక అంచనాగా. తొమ్మిదికి పడుకుని ఆరింటికి లేచారు, అంటే మంచం మీద తొమ్మిది గంటలు. నిజంగా నిద్రపోయింది ఆరు గంటలు. అంటే నూటికి 67 వంతులే నిద్ర. ఇప్పుడు మంచానికి ఆరు గంటలే ఇవ్వాలి. లేచే వేళ ముందు ఖాయం చెయ్యాలి, ఐదనుకోండి. అప్పుడు పడుకోవాల్సింది పదకొండుకి. ఆదివారమైనా, పండగైనా, రాత్రి బొత్తిగా నిద్రపట్టకపోయినా ఐదింటికే లేవాలి. వారం తర్వాత మళ్లీ లెక్క కట్టాలి. నూటికి 85 దాటితే పడుకునే వేళను పావుగంట ముందుకు జరిపి పదీ ముప్పావు చెయ్యాలి. 80 కంటే తగ్గితే ఇంకో పావుగంట కోయాలి. ఎంత కోసినా ఐదు గంటలకు తగ్గకూడదు.

దీన్ని మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా తప్పేది తొమ్మిదికీ పదకొండుకీ మధ్య. మన ఊళ్లలో ఎనిమిదికే భోజనాలైపోతాయి, టీవీ ముందు గోడకు జారబడి కూర్చుంటే తొమ్మిదిన్నరకు కునుకు పడుతుంది. ఆ పది నిమిషాల కునుకే రాత్రి నిద్రను తినేస్తుంది. అందుకని ఆ రెండు గంటలూ నడుం వాల్చకుండా చేతికి పని ఉండాలి. రేపటి బియ్యంలో రాళ్లు ఏరడం, బట్టలు మడతపెట్టడం, పూలు కట్టడం. మొదటి పది పదిహేను రోజులు పగలు తూలుడుగా ఉంటుంది, అది పద్ధతి తప్పడం వల్ల కాదు, పనిచేయడం మొదలైందన్నమాట. అయితే ఆటో, లారీ నడిపేవాళ్లు, మిల్లుల్లో యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, మానసిక జబ్బుకు మందు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైందనిపిస్తే, అదీ అంచనాగానే, మంచం దిగాలి. ఫోను చూస్తే వెలుతురు సంగతి అలా ఉంచి, "రెండూ నలభై, ఇంకా రెండు గంటలే" అన్న లెక్క గుండెల్లో మొదలవుతుంది. గడియారాన్ని గోడవైపు తిప్పేయాలి. చిన్న దీపం వెలుగులో కూర్చుని నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోవాలి. ఒకటే గది ఉన్న ఇంట్లో రెండో మూల చాప చాలు. కానీ రాయగడ, కొరాపుట్ వైపు మలేరియా ఉంది. దోమతెర దాటి అరుగు మీద కూర్చోమని చెప్పడం తప్పు. ఆ మూలన రెండో తెర కట్టుకోవాలి, లేకపోతే ఒళ్లంతా కప్పే బట్టలుండాలి.

టీ మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి తాగిన టీలో సగం పదకొండుకి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. జీలుగు కల్లు, ఇప్పసారా తొందరగా నిద్ర పుచ్చుతాయి, నిజమే. అదే మత్తు దిగేటప్పుడు రాత్రి రెండో సగంలో లేపేస్తుంది.

మూత్రానికి లేచేవాళ్లు ఒకసారి కాళ్లు చూసుకోవాలి. సాయంత్రం మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి తీస్తే గుంట పడి అలాగే ఉంటే నీరు చేరిందన్నమాట. పడుకోగానే ఆ నీరు రక్తంలోకి ఎక్కి మూత్రమవుతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా కాళ్లు వాస్తాయి. సాయంత్రం నాలుగింటి నుంచి గంటసేపు కాళ్లు దిండు మీద ఎత్తిపెట్టుకుంటే కొంత తగ్గుతుంది. నీటి మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా పంపే మందు) రాత్రి వేసుకుంటుంటే వేళ మార్చవచ్చేమో డాక్టరును అడగాలి. వాపు కొత్తగా వచ్చినా, ఆయాసం ఉన్నా ఆలస్యం చెయ్యకూడదు. షుగరు, మగవాళ్లయితే ప్రోస్టేటు (మూత్రసంచి కింద ఉండే గ్రంథి) సంగతీ చూపించుకోవాలి.

పడుకోగానే కాళ్లు పీకి, కదిపితేనే హాయిగా ఉండే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ పరీక్ష కావాలి. అది 75 కంటే తక్కువుంటే ఐరన్ ఇవ్వడం గురించి డాక్టరు ఆలోచిస్తారు. ఐరన్ మాత్రకు గంట ముందూ గంట తర్వాతా టీ తాగకూడదు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న కుటుంబాలవాళ్లు సొంతంగా ఐరన్ వేసుకోవద్దు, ఈ జిల్లాల్లో ఆ జబ్బు ఎక్కువ. గట్టి గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు విశాఖలాంటి చోట నిద్ర పరీక్ష చేయించాలి. వాళ్లకు నిద్రమాత్ర ప్రమాదం. రెండు వారాలుగా మూడింటికే లేచి మనసు బరువుగా ఉండి దేనిమీదా ఆసక్తి లేకపోతే అది దిగులు జబ్బు కావచ్చు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సహాయం టెలీ మానస్ 14416కి ఫోను చెయ్యవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక నిద్రమాత్రల సంగతి. స్ట్రిప్పులోంచి కత్తెరతో కోసిన నాలుగు ఆల్ప్రజోలం మాత్రలు, పేరు సగం తెగిపోయి, కాగితం పొట్లంలో చేతులు మారుతున్నాయి. చీటీ లేదు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. 2014 మార్చి 1 నుంచి డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలో ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని నిబంధన. ముసలివాళ్లు దీనితో రాత్రి లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకుంటారు. సారాతో కలిస్తే ఊపిరి ఆగవచ్చు. అలాగని నెలల తరబడి వాడినవాళ్లు ఈ ఉత్తరం చదివి రేపే మానేయకూడదు, మూర్ఛలు రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. ఆంధ్ర, ఒడిశా రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు సరిహద్దు పట్టణాల రిజిస్టర్లు తెరిచి చూడాలని కోరుతున్నాం.

మీకొక విన్నపం. ఒడిశా వైపున్న తెలుగు పెద్దల్లో ఒడియా మాట్లాడగలిగినా చదవలేనివాళ్లున్నారు. ఆసుపత్రి కరపత్రం ఒడియాలో, మందుల చీటీ ఇంగ్లీషులో. వాళ్లకు చదవడానికి మిగిలింది మీ పత్రికే. ఒక ఆదివారం నిద్ర లెక్క పట్టికను కత్తిరించుకునే సైజులో, పద్నాలుగు వరసలతో అచ్చువేయండి. గళ్లు ఆరు చాలు: మంచం ఎక్కిన వేళ, నిద్ర పట్టడానికి పట్టిన సమయం, ఎన్నిసార్లు మెలకువ, మొత్తం ఎంతసేపు మేలుకున్నారు, లేచిన వేళ, పగటి కునుకు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, కళ్లజోడు లేకుండా పొద్దున్నే నింపేలా.

ఇట్లు,
ఇద్దరు ఫార్మసిస్టులు,
రాయగడ, ఒడిశా