ఎంతమందిని అడిగారో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

యుద్ధం మాట వచ్చిందంటే చాలు టీవీల్లోనూ పేపర్లలోనూ "దేశమంతా యుద్ధమే కోరుకుంటోంది" అని వచ్చేస్తుంది, ఎవర్ని అడిగారో ఏమని అడిగారో మాత్రం ఎక్కడా ఉండదు. 2025 మే సంగతే తీసుకోండి. పహల్గామ్‌లో 26 మందిని చంపేశాక కడుపు మండనివాడు మా కోనసీమలో లేడు, ఉగ్రవాదుల స్థావరాల మీద దాడి చేశారంటే నేనూ మంచి పని చేశారనే అన్నాను. అంతమాత్రాన లాహోర్ దాకా వెళ్లిపోవాలని నేను అన్నట్టు కాదు కదండి, ఛానెళ్లు రెండూ కలిపేసి ఒకే లెక్కలో వేసేశాయి.

ఆ రోజుల్లో అమలాపురం గడియార స్తంభం సెంటర్లో ఒక ఛానెల్ వాళ్లు మైక్ పట్టుకుని "పాకిస్తాన్‌కి బుద్ధి చెప్పాలా వద్దా" అని అడుగుతున్నారు. అలా అడిగితే వద్దు అని ఎవరంటారు? కూరగాయల సంచీతో వెళ్తున్న ఒక పెద్దావిడని ఆపారు, ఆవిడ కొడుకు జమ్మూలో డ్యూటీలో ఉన్నాడంట, "చంపినోళ్లని వదలకూడదు బాబూ, కానీ ఇది పెద్ద యుద్ధమైతే పోయేది మాలాంటోళ్ల పిల్లలే, తొందరగా ఆపేస్తే బాగుండు" అంది. రాత్రి టీవీలో మొదటి ముక్క ఒక్కటే వేశారు, కింద "యుద్ధానికి సై అంటున్న కోనసీమ" అని స్క్రోలింగ్. ఒక తల్లి మాటని సగానికి కోసేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదండి.

మే 8 రాత్రి కరాచీ పోర్టు ధ్వంసం అన్నారు, అంతా అబద్ధమని తేలింది, ప్రోగ్రాముల్లో సైరన్ మోతలు వాడొద్దని కేంద్రమే చెప్పాల్సొచ్చింది. రాత్రంతా అవి చూసిన మనిషిని పొద్దున్నే అభిప్రాయం అడిగితే ఏం చెప్తాడు? 10న కాల్పులు ఆగాయనగానే మా వీధిలో చాలామంది హమ్మయ్య అనుకున్నారు, టీవీలో మాత్రం ఎందుకు ఆపారని ఒకటే కేకలు.

అమెరికాలోనూ ఇంతే జరిగింది. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు రెండు వారాల పాటు నాలుగు పెద్ద నెట్‌వర్క్‌ల రాత్రి వార్తల్లో ఇరాక్ గురించి మాట్లాడిన 393 మందిని ఫెయిర్ అనే సంస్థ లెక్కేస్తే, యుద్ధ వ్యతిరేక ఉద్యమాల తరఫువాళ్లు ముగ్గురే. అదే ఫిబ్రవరి 15న ఒక్క లండన్‌లోనే యుద్ధం వద్దని లక్షల మంది రోడ్డెక్కారు. అమెరికా సర్వేల్లో కూడా యుద్ధం చేయాలా అంటే ఎక్కువమంది అవునన్నారు, ఐక్యరాజ్యసమితి ఒప్పుకోకపోయినా చేయాలా అని అడిగేసరికి ఆ మద్దతు బాగా పడిపోయింది. న్యూయార్క్ టైమ్స్ తన కవరేజీలో లోపాలున్నాయని 2004 మేలో ఒప్పుకుంది, అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటిపోయింది.

మా ఊళ్ల నుంచి కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు చాలామంది ఉన్నారండి, గల్ఫ్‌లో బాంబు పడిందంటే ఇక్కడ వాళ్ల పిల్లలకి అన్నం సహించదు. జనాభిప్రాయం అని వేసేవాళ్లు ఆ ఇళ్ల తలుపు ఎప్పుడైనా తట్టారా?

మా నాన్నగారి రోజుల నుంచి మీ పేపరే వేయించుకుంటున్నాం కాబట్టి చొరవ తీసుకుని అడుగుతున్నాను. ఇకమీదట ప్రజలు ఇలా అంటున్నారు అని వేసినప్పుడు ఎంతమందిని అడిగారు, ఏ ఊళ్లో అడిగారు, ప్రశ్న ఏంటి అన్నది ఆ వార్తలోనే వెయ్యండి, వద్దన్నవాళ్లు కొద్దిమందే అయినా వాళ్ల మాట కోయకుండా వెయ్యండి.

ఇట్లు
మీ పాఠకుడు, అమలాపురం