ఫైనల్ ఆడిన వారం లెక్క

మొనాస్టిర్, ట్యునీషియా
ఆదివారం రాత్రి

అక్కా,

మధ్యాహ్నం ఫోన్‌లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "ఫైనల్ దాకా వెళ్ళావు కదరా, ఇంక ఈ నెల నేను డబ్బు పంపక్కర్లేదుగా?" అన్నావు. ఎత్తిపొడుపు కాదని తెలుసు, సంబరంలోనే అన్నావు. నేనే "చూద్దాంలే" అని పెట్టేశాను. పక్క మంచం మీద పోలండ్ కుర్రాడు నిద్రపోతున్నాడు, వాడికి పొద్దున్నే మ్యాచ్ ఉంది. అందుకే మళ్ళీ ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను. లెక్కలు చెప్పాలంటే కాగితమే నయం.

నేనాడింది ఎం15 టోర్నీ. ప్రపంచ టెన్నిస్‌లో మగవాళ్ళకి ర్యాంకు పాయింట్లిచ్చే పోటీల్లో అన్నిటికన్నా కింది మెట్టు ఇది. ఆ 15 అంటే టోర్నీ మొత్తానికి ఉన్న సొమ్ము, పదిహేను వేల డాలర్లు. సింగిల్స్‌లో ముప్ఫై ఇద్దరం, డబుల్స్‌లో పదహారు జంటలు, అందరికీ కలిపి అంతే. మెయిన్ డ్రా, అంటే అసలు పోటీ, మొదటి రౌండ్‌లో ఓడినవాడికి 156 డాలర్లు. ఒక మ్యాచ్ గెలిచి రెండోది ఓడితే 258. ఫైనల్ ఓడితే 1,272. కప్పు ఎత్తితే 2,160. దానికి ముందు జరిగే అర్హత పోటీ క్వాలిఫయింగ్‌లోనే ఇంటిదారి పట్టినవాడికి ఏమీ ఉండదు, పైగా ఎంట్రీ ఫీజు తనే కట్టుకుంటాడు.

ఇక్కడికొచ్చి మూడు వారాలు. మొదటి వారం మొదటి రౌండ్‌లోనే ఓడాను. రెండో వారం ఒకటి గెలిచాను. మూడో వారం ఫైనల్. మొత్తం 1,686. డబుల్స్‌లో నా వాటా మూడు వారాలకీ కలిపి 120. అంటే 1,806 డాలర్లు. ఇప్పుడు ఖర్చు చూడు. గది ఇద్దరం పంచుకున్నా తిండితో కలిపి మనిషికి రోజుకి అరవై, ఇరవై మూడు రాత్రులకి 1,380. విమానం రానూ పోనూ 380. ఎంట్రీ ఫీజులు 120. రాకెట్ల గట్‌లు, గ్రిప్పులు, బట్టలు ఉతికించడం, భుజం పట్టేసిన రోజు ఒకసారి ఫిజియో, అన్నీ కలిపి 290. మొత్తం 2,170.

అంటే అక్కా, ఫైనల్ ఆడిన నెలలో నేను 364 డాలర్లు పోగొట్టుకున్నాను. ప్రైజ్ మనీలోంచి వీళ్ళు పట్టుకునే పన్ను ఇంకా ఇందులో కలపలేదు. ఇవాళ గెలిచి ఉంటే మూడు వారాలకి ఓ అయిదొందలు మిగిలేవి. మూడో సెట్‌లో 5-4 మీద సర్వ్ చేస్తూ డబుల్ ఫాల్ట్ చేశాను చూడు, దాని ఖరీదు దాదాపు తొమ్మిదొందలు. ఆ సంగతి కోర్టులో గుర్తు రాకూడదు. వచ్చింది.

ఈ లెక్కలో కోచ్ లేడని గమనించావా? కోచ్ వెంట వస్తే గది రెండు, టికెట్లు రెండు, జీతం అదనం. ఈ హోటల్లో ఉన్న ఆటగాళ్ళలో సగానికి పైగా ఒంటరిగాళ్ళమే. ప్రాక్టీసుకి ఎవడు దొరికితే వాడితో ఆడతాం. పొద్దున ప్రాక్టీసు చేయించినవాడే సాయంత్రం ఎదురుగా నిలబడిన రోజులున్నాయి. క్వాలిఫయింగ్ మొదటి మ్యాచుల్లో బంతి లోపల పడిందో బయట పడిందో మనమే చెప్పుకోవాలి. బంతులు ఏరుకునేదీ మనమే. అది కష్టమనుకోను, నడుం వంగితే మంచిదే.

నీకు ఒక అనుమానం వస్తుంది, నాకూ వచ్చేది. వీడికి ఆట రాక డబ్బు రావట్లేదేమో అని. 2013 లెక్కలు తీసి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యే ఒక అధ్యయనం చేసింది. కోచ్ ఖర్చు పక్కన పెట్టి చూసినా, ఆడిన ఖర్చు ఆటలోంచే రావాలంటే మగవాళ్ళలో 336వ ర్యాంకు, ఆడవాళ్ళలో 253వ ర్యాంకు ఉండాలని తేలింది. ఆ ఏడు ప్రొఫెషనల్ పోటీల్లో ఆడినవాళ్ళు దాదాపు పద్నాలుగు వేలు. వాళ్ళలో సగానికి దగ్గరగా ఉన్నవాళ్ళకి ఒక్క డాలరు కూడా రాలేదు. మగవాళ్ళ ప్రైజ్ మనీలో అరవై శాతం పైనున్న ఒక్క శాతం మందికే పోయింది. నా ర్యాంకు ఏడొందల ఎనభై దగ్గర. ఏ పనిలోనైనా ప్రపంచంలో ఏడొందల ఎనభయ్యోవాడంటే ఇల్లు గడవదా? ఇక్కడ గడవదు.

ఇంకో సంగతి. 1998లో ఫ్యూచర్స్ పేరుతో ఈ పోటీలు మొదలైనప్పుడు అట్టడుగు టోర్నీ సొమ్ము పదివేల డాలర్లు. 2017కి అది పదిహేను వేలయింది. ఇప్పటికీ పదిహేనే. విమానం టికెట్లు మాత్రం మన కోసం ఆగలేదు.

ఎందుకింత తక్కువంటే, మమ్మల్ని చూసేవాళ్ళు లేరు. ఇవాళ ఫైనల్‌కి బెంచీల మీద నేను లెక్కపెట్టినవాళ్ళు పదకొండు మంది. అందులో ఇద్దరు హోటల్లో దిగిన ముసలి దంపతులు, ఎండకి టోపీలు పెట్టుకుని కాసేపు కూర్చుని వెళ్ళారు. టికెట్టూ లేదు, టీవీ కూడా లేదు. అయితే చూడకుండానే మా మీద డబ్బు కాసేవాళ్ళు వేలల్లో ఉన్నారు. కుర్చీలో కూర్చున్న అంపైర్ ప్రతి పాయింటూ టాబ్లెట్‌లో నొక్కుతుంది, అది క్షణాల్లో బెట్టింగ్ కంపెనీలకి చేరుతుంది. ఆ స్కోర్ల హక్కుల్ని 2015లో ఒక డేటా కంపెనీకి అయిదేళ్ళకి ఏడు కోట్ల డాలర్లకి అమ్మారు. 2018లో స్వతంత్ర విచారణ సంఘం ఒకటి ఈ అమ్మకాన్నే తప్పుపట్టింది. డబ్బు గిట్టని ఆటగాళ్ళు ఒకపక్క, వాళ్ళ ప్రతి పాయింటు మీదా పందేలు ఇంకోపక్క పెడితే ఏమవుతుందో అదే అయిందని చెప్పింది.

అది నా దాకా ఎలా వస్తుందో కూడా చెప్తాను, కంగారు పడకు. మ్యాచ్ ఓడితే ఫోన్ నిండా బూతులు. ముక్కూమొహం తెలియనివాళ్ళు అమ్మని తిడతారు, చచ్చిపొమ్మంటారు. నా మీద యాభయ్యో వందో పెట్టి పోగొట్టుకున్నవాళ్ళు. మొదట్లో రాత్రంతా చదివేవాణ్ణి. ఇప్పుడు మ్యాచ్ అయ్యాక గంటసేపు ఫోన్ తెరవను. ఇవాళ నీ ఫోన్ ఆలస్యంగా ఎత్తింది అందుకే, అలక కాదు.

రెండో రకం మెసేజ్ మర్యాదగా వస్తుంది. పోయిన వసంతంలో ఒకటి వచ్చింది. "అన్నా, రెండో సెట్ మొదట్లో నువ్వు సర్వ్ చేసే గేమ్ ఒక్కటి వదిలేస్తే చాలు, మ్యాచ్ నువ్వే గెలుచుకో." వాడు రాసిన అంకె నేను ఇవాళ ఫైనల్ ఆడి తెచ్చుకున్నదానికన్నా ఎక్కువ. ఆ వారం నా ఖాతాలో ఎంతుందో నీకు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. జవాబివ్వకుండా ఊరుకుంటే సరిపోదు, అలాంటిది వస్తే అవినీతి నిఘావాళ్ళకి చెప్పి తీరాలని రూలు. చెప్పకపోవడమూ నేరమే. ఆ రాత్రే చెప్పాను. తర్వాత నిద్ర పట్టలేదు, అదీ నిజమే. బెల్జియంలో ఇలా ఆటగాళ్ళని కొని మ్యాచులు ఫిక్స్ చేయించిన గ్రిగోర్ సర్గ్‌స్యాన్ అనేవాడికి 2023లో అయిదేళ్ళ శిక్ష పడింది. వాడి వలలో నూట ఎనభైకి పైగా ఆటగాళ్ళున్నారట. పేపర్లో చదివినవాళ్ళు "ఎంత సిగ్గులేనివాళ్ళు" అనుకుంటారు. నేను వాళ్ళని సమర్థించను. కానీ ఆ నూట ఎనభై మందీ ఏ మెట్టు మీద ఉండి ఉంటారో మాత్రం నాకు తెలుసు.

అయినా అందరం పాపం అని కూడా అనకు. 2020లో ఆటలు ఆగిపోయినప్పుడు పై ర్యాంకులవాళ్ళు తలా కొంత వేసి కిందివాళ్ళకి సాయం చేద్దామని జొకోవిచ్ అన్నాడు. నేనెందుకివ్వాలి, ఆటకి ప్రాణం పెట్టనివాళ్ళు చాలామంది ఉన్నారు అన్నాడు పై ర్యాంకులవాళ్ళలో ఒకడైన డొమినిక్ థీమ్. అప్పుడు ఆరొందల పైచిలుకు ర్యాంకులో ఉన్న అల్జీరియా అమ్మాయి ఇనెస్ ఇబ్బూ అతనికి వీడియోలో జవాబు చెప్పింది. తన తలిదండ్రుల స్తోమతు ఎంతో, ప్రయాణాలకి ఎంతవుతుందో పూసగుచ్చినట్టు చెప్పింది. నాకు ఆ అమ్మాయి మాటలు మా హోటల్ గోడ మీద రాసిపెట్టాలనిపిస్తుంది. కానీ థీమ్ అన్నది పూర్తిగా అబద్ధం కాదక్కా. నాన్న డబ్బుతో సముద్రం పక్కన సెలవు గడిపే కుర్రాళ్ళు ఇక్కడా నలుగురున్నారు. వాళ్ళ వల్ల మిగిలినవాళ్ళ మాట ఎవరూ నమ్మరు. ఆ ఏడే ఆట సంఘాలన్నీ కలిసి అరవై లక్షల డాలర్ల పైన పోగుచేసి, ఎనిమిదొందల మందికి పంచాయి.

ఇప్పుడు కొంచెం మారింది. 2024 నుంచి మగవాళ్ళ సంఘం ఏటీపీ కనీస ఆదాయానికి హామీ ఇస్తోంది. మొదలుపెట్టినప్పుడు వంద లోపు ర్యాంకువాళ్ళకి ఏడాదికి మూడు లక్షల డాలర్లు, 175 దాకా లక్షన్నర, 250 దాకా డెబ్భై అయిదు వేలు. వాళ్ళ సంపాదన అంతకన్నా తగ్గితే ఆ తేడా సంఘం పూడుస్తుంది. మంచి పని. ఆ గీత 250 దగ్గర ఆగిపోయింది, నేను గీతకి చాలా దూరం.

బావ నాకు మార్కస్ విలిస్ వీడియో పంపాడు. ఆ కథ నాకెంతమంది పంపారో! 2016లో అతని ర్యాంకు 772, ఇంచుమించు నాదే. క్లబ్బులో గంటకి ముప్ఫై పౌండ్లకి పాఠాలు చెప్పుకునేవాడు. ఆరు మ్యాచులు గెలిచి వింబుల్డన్ మెయిన్ డ్రాకి వచ్చాడు, మొదటి రౌండూ గెలిచాడు, సెంటర్ కోర్టులో ఫెదరర్‌తో ఆడాడు. అందరికీ నచ్చే కథే. నాకు అందులో కనపడేది వేరు. 772వాడి ఆట ఒక్క వారం వింబుల్డన్‌కి సరిపోయింది, ఆ ముందు నెలల్లో మాత్రం తిండికి సరిపోలేదు. బావకి ఇలా చెప్పకు, పాపం ప్రేమగా పంపాడు. మన సుమిత్ నాగల్ సంగతి నీకూ తెలుసుగా. 2023లో దేశంలో మొదటి ర్యాంకు, ప్రపంచంలో 200 లోపు. ఖర్చులన్నీ పోగా బ్యాంకులో తొమ్మిదొందల యూరోలున్నాయన్నాడు. నాలుగు నెలలకి ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటి, మొదటి రౌండ్‌లో కజకిస్తాన్ ఆటగాడు బుబ్లిక్‌ని ఓడించాడు. రెండో రౌండ్ చేరినందుకు లక్షా ఎనభై వేల ఆస్ట్రేలియా డాలర్లు. ఏడాదంతా చేసిన అప్పు ఒక్క మధ్యాహ్నంలో తీరిపోయే ఆట ఇది. తీరకపోవచ్చు కూడా.

అందుకే మాకు గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ అంటే అంత తపన. 2025లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ మొదటి రౌండ్ ఓడినవాడికి 27,500 డాలర్లిచ్చారు. ఇక్కడ పన్నెండు టైటిళ్ళు వరసగా గెలిచినా అంత రాదు. అక్కడికి చేరాలంటే ఇంచుమించు 230 లోపు ఉండాలి. ఫైనల్ ఓడినందుకు ఇవాళ నాకొచ్చినవి ఎనిమిది పాయింట్లు. అవి కూడా ఏడాదికి రాలిపోతాయి. నా ఈ వారాన్ని నువ్వు డాలర్లలో చూశావు, అందుకే తికమక. మేం చూసుకునేది ఆ ఎనిమిదిని. డబ్బు పెట్టి పాయింట్లు కొనుక్కుంటున్నాం అనుకో, అప్పుడు లెక్క సరిపోతుంది.

ఇక అసలు మాట. కోచ్ కోసం లోన్ పెడతానన్నావు. వద్దు. నువ్వు కట్టే వడ్డీకి నేను సర్వ్ చెయ్యలేను, నిజంగా చెయ్యి రాదు. పోయిన నెలా ఈ నెలా పంపినవి నా పుస్తకంలో రాసి ఉన్నాయి, ఇంక పంపకు. జులై, ఆగస్టుల్లో జర్మనీలో క్లబ్ లీగ్ ఉంది. మా క్లబ్ మ్యాచ్‌కి ఇంతని ఇస్తుంది, గెలిచినా ఓడినా, ప్రయాణమూ వాళ్ళదే. పాయింట్లు ఒక్కటీ రావు. ఆ ఎనిమిది ఆదివారాలే నా ఏడాదిని మోస్తున్నాయి. అది చూసి అక్టోబరు దాకా ప్లాన్ వేసుకున్నాను. పేరు చివర ప్లస్ హెచ్ ఉన్న టోర్నీలకే ముందు పేరిస్తున్నాను, అక్కడ గది వాళ్ళే ఇస్తారు.

ఇంకో ఆదాయం కూడా దొరికింది. డస్టిన్ బ్రౌన్ అని జర్మనీ ఆటగాడు, కుర్రతనంలో అమ్మానాన్నా కొనిచ్చిన క్యాంపర్ వ్యాన్‌లోనే పడుకుంటూ టోర్నీలు తిరిగాడు. అందులో గటింగ్ మిషన్ పెట్టుకుని తోటివాళ్ళ రాకెట్లు బిగించి పెట్రోలు డబ్బు సంపాదించేవాడు. తర్వాత నాదల్‌ని రెండుసార్లు ఓడించాడు. నాకు వ్యాన్ లేదు, పాత మిషన్ ఒకటి దొరికింది. బయట గటింగ్‌కి తీసుకునేదానికన్నా రెండు డాలర్లు తక్కువకి ఈ హోటల్లోనే బిగించిపెడుతున్నాను. ఇవాళ ఫైనల్లో నన్ను ఓడించినవాడే సాయంత్రం మూడు రాకెట్లు తెచ్చిచ్చి, ఇరవై నాలుగు కిలోల మీద బిగించమన్నాడు. రేపు ఎనిమిదికల్లా కావాలట. రెండయ్యాయి. పోలండ్ వాడు లేవకుండా మూడోది స్నానాలగదిలో కూర్చుని బిగించాలి.

అమ్మకి ఫైనల్ సంగతి చెప్పు, లెక్క చెప్పకు.

నీ తమ్ముడు