రసీదు మీద ఆ పదిహేను అంకెలు రాయించండి: ఆర్థిక మంత్రికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

విశాఖపట్నం,
నవంబరు 2025

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. విదేశాల నుంచి వచ్చేవాళ్ల సామాను, సుంకం, కాగితాల సంగతి రోజూ చూసే విశాఖవాసులం. సింగపూర్ విమానం దిగేవాళ్లు, గల్ఫ్ నుంచి హైదరాబాద్ మీదుగా శ్రీకాకుళం చేరే పనివాళ్లు, ఓడ దిగి ఇంటికొచ్చే నావికులు... వీళ్లలో చాలామంది సంచిలో ఇంట్లోవాళ్ల కోసం కొన్న ఫోను ఒకటి ఉంటుంది. దాని మీద సుంకం శాతం తగ్గించమని మేం అడగడం లేదు. కట్టిన సుంకం ఏ ఫోనుకు కట్టారో తేలేలా, ప్రతి ఫోనుకూ ఉండే పదిహేను అంకెల గుర్తింపు నంబరు, అంటే ఐఎంఈఐ, వేసి రసీదు ఇవ్వమని అడుగుతున్నాం.

ముందు లెక్క. 2025 నవంబరు నాటికి అమల్లో ఉన్న 2016 బ్యాగేజ్ నిబంధనల ప్రకారం సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో వచ్చే మనవాళ్లకు 50,000 రూపాయల సామాను దాకా సుంకం లేదు. సెంటు సీసాలు, చాక్లెట్లు కూడా ఆ 50,000లోకే వస్తాయి. దాటిన విలువ మీద 35 శాతం సుంకం, ఆ సుంకం మీద పదో వంతు సర్‌ఛార్జి, వెరసి 38.5 శాతం. లక్షా ఇరవై వేల ఫోను ఒక్కటే తెస్తే 50,000 పోను మిగిలిన 70,000 మీద 24,500, దానికి 2,450 కలిపి 26,950 రూపాయలు కట్టాలి.

జనం పొరపడేది ఎక్కడంటే, మొగుడూ పెళ్లాలం ఇద్దరం కాబట్టి లక్ష దాకా ఫర్వాలేదనుకుంటారు. ఒకరి మినహాయింపు ఇంకొకరికి కలవదు. అరవై వేల ఫోన్లు రెండూ ఒక్కరే తెస్తే పడేది అదే 26,950. చెరొకటి తమ సామానుగా తెచ్చుకుంటే తలా 3,850తో పోతుంది. చంకలో చంటిపిల్ల ఉందని ఇంకో 50,000 రాదు. నావికుల సంగతి మరీ ఇరకాటం. ఒప్పందం ముగిసి ఆఖరి జీతం తీసుకుని దిగినప్పుడే వాళ్లకు ఈ మినహాయింపు. అందుకే సీడీసీలో, అంటే నావికుడి పని వివరాలుండే పుస్తకంలో, ఓడ పని ముగిసిందనే సైన్ ఆఫ్ ముద్ర పడిందో లేదో చూసుకోకుండా ఓడ దిగవద్దని మేం ప్రతి కుర్రాడికీ చెబుతాం.

ఇక రిజిస్ట్రేషన్. గల్ఫ్‌లో ఒకే గదిలో ఉండే పాకిస్తాన్ వాళ్లు తమ టెలికాం సంస్థ పీటీఏలో ఫోను నమోదు చేసి పన్ను కట్టకపోతే సిగ్నల్ ఆగిపోతుందంటారు. వాళ్ల దేశంలో అది నిజమే. అది విన్న మనవాళ్లు ఇక్కడా అంతేననుకుని, ఎవరైనా "ఐఎంఈఐ రిజిస్ట్రేషన్" అని డబ్బడిగితే ఇచ్చేస్తారు. మన దగ్గర 2023 జనవరి 1 నుంచి ఐఎంఈఐ నమోదు చేయాల్సింది తయారీదార్లు, అమ్మకానికి దిగుమతి చేసుకునే వ్యాపారులు. సొంతానికి ఒక ఫోను తెచ్చుకున్న ప్రయాణికుడు కాదు. ఈ ఒక్క ముక్క తెలుగులో రాసి సుంకం కౌంటరు పక్కన అంటిస్తే ఎంతో మంది జేబు మిగులుతుంది.

అసలు విషయానికొస్తాం. *#06# కొడితే తెర మీద 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. రెండు సిమ్ముల ఫోనైతే రెండు నంబర్లు. ఇంగ్లిషు అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి ఎస్సెమ్మెస్ పంపితే అది ఏ కంపెనీది, ఏ మోడల్ అన్నది తెలుస్తుంది. సుంకం కట్టిందా లేదా అన్నది తెలియదు. ఆ రుజువు రసీదు ఒక్కటే. దాని మీద "మొబైల్ ఫోన్ – 1" అని మాత్రమే ఉంటే అది ఏ ఫోనుకైనా సరిపోతుంది, అంటే ఏ ఫోనుకూ పనికిరాదు. ఆర్నెల్ల తర్వాత అదే ఫోనుతో మళ్లీ వెళ్లొస్తే, ఇది పోయినసారి సుంకం కట్టినదేనని దేనితో చూపాలి? జగదాంబ జంక్షన్‌లో పాత ఫోను కొనేవాడు బిల్లడిగితే ఏం ఇవ్వాలి? రెండు ఐఎంఈఐలూ, మోడల్, లెక్కకు తీసుకున్న విలువ, ఆ రోజు కస్టమ్స్ మారకపు రేటు, ఈ నాలుగూ రసీదు మీద అచ్చయితే చాలు. బిల్లు లేని ఫోనుకు విలువ ఎలా కట్టారన్న వాదన కూడా కౌంటరు దగ్గరే తెగిపోతుంది.

అంతదాకా ప్రయాణికులకు మేం చెప్పేది ఇది. కొన్న బిల్లు మీద ఐఎంఈఐ వేయించుకోండి, పెట్టె పారేయకండి, పరిమితి దాటితే సుంకం కట్టేవాళ్ల దారి రెడ్ ఛానల్‌లోనే వెళ్లండి. సుంకం లేనివాళ్ల దారి గ్రీన్‌లో వెళ్లి దొరికితే సుంకంతో పోదు, ఫోను జప్తు దాకా వెళ్తుంది, పైగా జరిమానా. ఖరీదైన ఫోను ఇక్కడి నుంచి తీసుకెళ్తుంటే బయల్దేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, అంటే ఇది ఇక్కడి నుంచే తీసుకెళ్లిందనే కాగితం, తీసుకోండి. కానుకని పోస్టులోనో కొరియర్‌లోనో తెప్పిస్తే మినహాయింపు వస్తుందనుకోకండి, 2019 డిసెంబరులోనే ఆ దారి మూసేశారు.

ఇంకొక మాట. పద్దెనిమిదేళ్లు నిండినవారికి ఒక ల్యాప్‌టాప్ మీద సుంకం లేదు. ఫోనుకు అలాంటి వరుస లేదు. వాడుకలో ఉన్న సొంత వస్తువులకు మినహాయింపు ఉంది సరే, సిమ్ము వేసి వారం వాడిన ఫోను వాడినదా, కొత్తదా? నిబంధనలో ఎన్నాళ్లన్నది లేదు కాబట్టి అది కౌంటరులో ఉన్న అధికారి మనసును బట్టి ఉంటుంది. అది ప్రయాణికుడికీ మంచిది కాదు, అధికారికీ మంచిది కాదు. సిమ్ముతో పనిచేస్తున్న ఫోను మనిషికొకటి అని ల్యాప్‌టాప్ పక్కన ఒక్క వాక్యం చేర్చండి. 50,000 పరిమితి 2016లో పెట్టింది. ఆ ఏడాది ఐఫోన్ 7 మన దేశంలో 60,000 నుంచి మొదలైంది. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 17 మొదలైంది 82,900 నుంచి. 2025 నవంబరు దాకా పరిమితి మాత్రం కదల్లేదు.

ఇందులో రసీదు మార్చడానికి చట్టం మార్చక్కర్లేదు. కస్టమ్స్ వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు నుంచి ఒక సర్క్యులర్ చాలు. ముందు అది ఇప్పించండి.

ఇట్లు,
విదేశాలకు వెళ్లొచ్చేవారి కాగితాలు చూసే కొందరు విశాఖవాసులు