కాలనీలు రాలేదని మట్టి చచ్చిందనకండి

సంపాదకులకు,

లద్దాఖ్ కనుమల మట్టిలో జీవం దాదాపు లేదని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. బెంగళూరు కాలేజీల ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ ఇదే మాట కనిపిస్తుంటుంది. మట్టిలోని బ్యాక్టీరియాను అగార్ జెల్లీ పోసిన ప్లేట్ల మీద పెంచి, కంటికి కనిపించే గుంపులను, అంటే కాలనీలను, లెక్కపెట్టి ఆ మాట అంటారు. మా లెక్కన తప్పు చాలావరకు ఆ ప్లేట్లను 30 డిగ్రీల దగ్గర ఉంచిన ఇంక్యుబేటరుది (వేడి నిలకడగా ఉంచే పెట్టె). చలికి అలవాటుపడ్డవి చాలా ఆ వేడిలో పెరగవు.

ఇక్కడ బెంగళూరులో డిసెంబరులో తెల్లారేసరికి సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టి ఉంటుంది. పక్కనున్న వేరుశనగ నూనె మామూలుగానే కారుతుంది. దాని కొవ్వు ఆమ్లాల్లో ఎక్కువ వాటికి వంపులుంటాయి, ఒత్తుగా సర్దుకోలేవు. చలినేల బ్యాక్టీరియా తన కణపొర విషయంలో చేసేదీ ఇదే. చలి పెరగగానే డీసాచురేజ్ ఎంజైము కొవ్వు గొలుసుల్లో ద్విబంధాలు పెట్టి వాటిని వంచుతుంది. పొర బిగుసుకుపోదు. మిగతా ఎంజైముల అల్లిక కూడా వదులుగానే ఉంటుంది, చలిలో పనిచేయాలి కనుక. ఆ వదులు వల్లే కాస్త వేడికే అవి చెడిపోతాయి.

చలిని మించిన కష్టం, రాత్రి గడ్డకట్టి పగలు కరగడం. గడ్డకట్టేటప్పుడు మట్టి రేణువుల చుట్టూ మిగిలిన పలుచటి నీటిపొరలో ఉప్పు చిక్కబడి, కణంలోని నీటిని లాగేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి కణం ట్రెహలోజ్ లాంటి చక్కెరలు కూడబెడుతుంది. కరిగేటప్పుడు నీరు ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. కూడబెట్టింది వెంటనే వదిలేయకపోతే కణం పగిలిపోతుంది. (ప్లేట్ల మీద పసుపు, నారింజ కాలనీలు కనిపిస్తే రంగు చూసి కంగారుపడొద్దు. కొండమీది ఎండ దెబ్బకు ఆ రంగు పదార్థాలు, కెరోటినాయిడ్లే గొడుగు.)

ఇక పద్ధతి. పై 5 సెంటీమీటర్ల మట్టిని స్టెరైల్ సంచిలోకి తీసి, జెల్ ప్యాకులు పెట్టిన ఐస్‌బాక్సులో 4 డిగ్రీల దగ్గర తేవాలి. ఒక మధ్యాహ్నం కారు డిక్కీలో ఉండిపోతే వేడికి అలవాటుపడ్డవి పైచేయి అవుతాయి. ఫ్రీజరూ వద్దు, అది మరోసారి గడ్డకట్టించడమే. 1 గ్రాము మట్టిని 9 మి.లీ. చల్లటి సెలైన్‌లో కలిపి, పదింతల చొప్పున పలచన చేస్తూ, ప్లేటుకు 0.1 మి.లీ. వేసి పరచండి. పోర్ ప్లేటు (కరిగించిన అగార్‌ను నమూనాతో కలిపి పోసే పద్ధతి) జోలికి పోవద్దు. 45 డిగ్రీల అగార్ పోస్తే చాలావరకు అక్కడే చస్తాయి. ప్లేటులో పోషకాల కోసం వేసే న్యూట్రియెంట్ బ్రాత్ మామూలు మోతాదులో పదో వంతు చాలు, అగార్ మాత్రం విడిగా 1.5 శాతం కలపాలి. అగార్ కలిసున్న రెడీమేడ్ పొడినే పదో వంతు వేసి, ప్లేటు గట్టిపడలేదని వాపోయేవాళ్లు బోలెడు.

సెట్లు మూడు: 4, 15, 28 డిగ్రీలు. 28లో రెండు మూడు రోజులు, 15లో పది రోజులు, 4లో కనీసం నాలుగు వారాలు. అన్నాళ్లలో అగార్ ఎండి బీటలిస్తుంది, అందుకే పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి బోర్లించి పెట్టాలి. ప్రతి సెట్లో మట్టి వేయని ప్లేటు ఒకటి ఉండాలి. కరెంటు పోతుండే చోట ఫ్రిజ్‌లో మాక్సిమమ్-మినిమమ్ థర్మామీటరు పెట్టకపోతే ఆ నాలుగు వారాలూ లెక్కలోకి రావు.

4లో వచ్చినవన్నీ శీతలప్రియ జీవులని రాయడం కూడా తప్పే. 1975లో సూక్ష్మజీవశాస్త్రవేత్త మోరిటా ఇచ్చిన నిర్వచనం ప్రకారం, 15 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో బాగా పెరిగి, సుమారు 20 దాటితే పెరగనిదే ఆ కోవలోకి వస్తుంది. కొండమట్టిలో పగటి ఎండకు పైపొర వేడెక్కుతుంది గనుక, చలిని ఓర్చుకుంటూ 25లోనూ పెరిగేవి అక్కడ చాలానే ఉంటాయి. 4లో వచ్చిన ప్రతి కాలనీనీ కొత్త ప్లేటు మీద గీసి, 25లో పెరుగుతుందేమో చూశాకే పేరు పెట్టండి.

— సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకులు, మల్లేశ్వరం, బెంగళూరు